రేకు ఉరుము

దెయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. బర్మాలో మేముండే తామ్వే పేటలో మా పక్కింటివాళ్ళు ఇంటిని కాపాడే నాట్ దేవతకు కొబ్బరికాయ వేలాడదీస్తే, చక్కగా పచ్చడికి పనికొచ్చేది ఎండబెడుతున్నారని నవ్వుకునేదాన్ని. ఇప్పటికీ దెయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

మా బావ అప్పన్న ఓడరేవు దగ్గర ఒక ఆఫీసులో గుమాస్తా. మంచి గొంతు. ఒక ఫ్రెంచి టీచరమ్మ పాటలొచ్చిన వాళ్ళను పోగుచేసి నాటకం వేయిస్తుంటే అందులో చేరాడు. వాళ్ళ దేశపు పాత హాస్య సంగీత నాటకం, బర్మా మాటల్లోకి మార్చారు. గ్రీకు దేవుళ్ళను, వాళ్ళ పురాణాన్ని వెక్కిరించడమే దాని పని.

అసలు పురాణంలో ఒక గాయకుడు చచ్చిపోయిన పెళ్ళాం కోసం యమలోకానికి వెళతాడట. ఆమెను వెనకాలే పంపిస్తారు. బయటికొచ్చేదాకా తిరిగి చూడకూడదు. ప్రేమకొద్దీ చూసేస్తాడు, ఆమె పోతుంది. ఈ నాటకంలో మొగుడికి పెళ్ళాం పీడ వదిలితే అదే పదివేలు. దేవుడు ఉరుము ఉరిమిస్తాడు, వీడు ఉలిక్కిపడి చూస్తాడు, ఆమె పోతుంది, వీడికి పండగ. బావది ఆ మొగుడి వేషం. ఉరుము నాది. తెర పక్కన తాడుకు కట్టిన పల్చటి ఇనప రేకు పట్టుకుని ఊపితే హాలు దద్దరిల్లేది.

మా అక్క సరస మొగుడి వేషం చూడ్డానికి ప్రతి రిహార్సలుకూ వచ్చి, ఆ చోట కడుపుబ్బ నవ్వేది. చిన్నప్పటి జబ్బుతో అక్కకు ఎడమకాలు చచ్చుబడింది, చెప్పు ఈడ్చుకుంటూ నడిచేది. వానాకాలంలో జ్వరమొచ్చి, ఆసుపత్రికి చేర్చేలోపే పోయింది. శ్మశానంలో చితి అంటించాక పెద్దలు బావ భుజం పట్టుకుని, వెనక్కి చూడకుండా నడవమన్నారు. మా ఆచారం అది. నడిచాడు.

వేషం మానెయ్యమని అందరూ చెప్పారు. బావ వినలేదు. పైగా ఆట ముందురోజు మా ఇంటికొచ్చి, ఉరుము కొట్టొద్దని నన్ను బతిమాలాడు. ఇదేం పిచ్చి బావా అని కోప్పడ్డాను.

"కాటికాడ సూడొద్దన్నారు, సూడ్నేదు. ఈ కతలో సూడకపోతే మనిసి వొస్తాదంట. ఒక్కపాలి నడవనీ చిట్టీ," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. సరే, కొట్టనులే అన్నాను. టీచరమ్మ తిడితే తిట్టనీ అనుకున్నాను.

ఊళ్ళో గొడవల వల్ల చీకటిపడ్డాక జనం బయటికి రారు కాబట్టి ఆట మధ్యాహ్నం పెట్టారు. కరెంటు లేదు, జనరేటరు మీద దీపాలు. బావ పాడుతూ వేదిక మీద నడుస్తున్నాడు. పెళ్ళాం వేషం వేసిన థీరీ అనే బర్మా అమ్మాయి వెనకాలే రావాలి. గౌను మేకుకు తగులుకుని అవతలి తెర దగ్గరే ఆగిపోయింది. లాక్కుంటూ అవస్థ పడడం నాకు కనబడుతూనే ఉంది. అంటే బావ వెనక ఎవరూ లేరు.

అయినా అడుగుల చప్పుడు వినబడింది. ఒక అడుగు మామూలుగా, ఒక అడుగు చెప్పు ఈడుస్తూ. ఆ నడక నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ విన్నదే. బావ కూడా విన్నాడు. పాట ఆగిపోయింది. ఆ మొహంలో అంత సంతోషం పెళ్ళినాడు కూడా చూడలేదు. నా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను. రేకు నా పక్కనే కదలకుండా వేలాడుతోంది.

ఉరుము ఉరిమింది.

అచ్చంగా రేకు చప్పుడే. బావ ఉలిక్కిపడి తిరిగాడు. వేదిక ఖాళీ. అదీ నాటకమేననుకుని జనం విరగబడి నవ్వారు.

తర్వాత బయటికెళ్ళి చూశాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. జనరేటరు చూసుకునే అతను తన మిషను బాగానే నడిచిందన్నాడు. టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని, ఇవాళ ఉరుము ఎన్నడూ లేనంత బాగా కుదిరిందని మెచ్చుకుంది.

బావ వేషం తీయకుండానే మెట్ల మీద కూర్చున్నాడు.

"వొద్దన్నాను గదే. ఇంకో రెండడుగులేత్తే వొచ్చీసును. ఎందుకు కొట్టీసేవు?"

నేను రేకు ముట్టుకోలేదని అక్క మీద ఒట్టేసి చెప్పాను.

"మరెవులు కొట్టినారు?" అన్నాడు.

ఏడాది దాటింది. బావ నాతో మాట్లాడడు. సంచౌంగ్ మార్కెట్లో ఎదురుపడితే తల తిప్పుకుంటాడు. ఆ అడుగులు నేనూ విన్నానని అతనికి చెప్పలేదు. చెబితే మనిషి ఇక బతకడేమోనని భయం.