బీడీ కార్డులోని వయసు

ఆ అమ్మాయికి పద్దెనిమిదేళ్లని గర్భిణుల రిజిస్టరులో రాసింది నేనే. నక్సలైట్ అన్నల కాలం. కోరుట్ల దగ్గరి పల్లెలో నర్సుగా ఉన్నాను. కోడలి వయసెంత అని అడిగితే అత్త, బీడీ కార్ఖానా ఇచ్చే పని కార్డు చేతికిచ్చింది. అందులో ఉన్నదే ఎక్కించాను. పద్దెనిమిది నిండితే గాని కార్డు ఇవ్వరని, అందుకే ఆ ఊరికి వచ్చిన ప్రతి కోడలికీ కార్ఖానాలో పద్దెనిమిదే పడుతుందని నాకు తెలియనిది కాదు.

ఆరో నెలలో పాదం మీద వేలితో నొక్కితే గుంట పడింది. బీపీ ఎక్కువుంది. కంటిరెప్ప లోపల తెల్లగా పాలిపోయింది. జగిత్యాల పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాను.

"పొద్దంత కూసోని బీడీలు చేస్తది, కాళ్లు ఉబ్బయా నర్సమ్మా?" అంది అత్త. "నేను నలుగురిని గీ ఇంట్లనే కన్న."

"తల నొస్తాంది అత్తమ్మా," అంది అమ్మాయి.

"తంబాకు వాసనకు అందరికి నొస్తది. నువ్వొక్కదానివే పుట్టినవా?"

చిన్న వయసు వాళ్లను వారానికోసారి, మిగతావాళ్లను నెలకోసారి చూడటం మా పద్ధతి. పద్దెనిమిదని రాశాను కనుక నెలకోసారే వెళ్లాను. తొలికాన్పుకు తీసుకుపోదామని సిరిసిల్ల నుంచి తల్లి వస్తే, కార్డు మీద నెల పని తక్కువ పడుతుందని అత్త పంపలేదు.

ఎనిమిదో నెలలో ఫిట్స్ వచ్చాయి. ఆ రోజు అన్నలు బంద్ పిలిచారు, బస్సుల్లేవు. ట్రాక్టరు దొరికి జగిత్యాల చేరేసరికి రెండున్నర గంటలు ఆలస్యమైంది. అమ్మాయి బతికింది. ఆడపిల్ల కడుపులోనే పోయింది.

ఊరంతా బంద్‌ను తిట్టింది. మా డాక్టరు కూడా కాగితం మీద అదే కారణం రాశాడు. నాకు ఒళ్లు మండింది. బంద్ తిన్నది రెండున్నర గంటలు. ఆ ఉబ్బిన కాళ్లు మా అందరి కళ్ల ముందు ఉన్నది అరవై ఎనిమిది రోజులు. ఏది ఎక్కువో లెక్క వేయడానికి చదువు కావాలా?

ఆ వారమే రెండు బస్సులు మారి సిరిసిల్ల వెళ్లి, ఆమె చదివిన బడిలో అడ్మిషన్ రిజిస్టరు తీయించాను. పదిహేనేళ్ల నాలుగు నెలలు. వచ్చి మా రిజిస్టరులో పద్దెనిమిది కొట్టేసి పదిహేను రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను.

సంగతి తెలిసి అత్త కోడలిని వెంటబెట్టుకుని మా ఆరోగ్య సెంటరుకు వచ్చింది.

"గట్ల దిద్దితే కార్డు పోతది నర్సమ్మా. ఉన్నదున్నట్టు ఉంచు."

"ఉన్నదే రాసిన. నీ కోడలికి ఇంక రెండేండ్ల ఎనిమిది నెలలు కడుపు రావద్దు. నీ కొడుకును పంపు, నిరోధ్ పాకెట్లిస్త."

"థూ! ఏం మాటలు నర్సమ్మా! మొగపిలగాడు వాటికోసం సెంటర్‌కస్తడా? ఏడాది తిరిగేసరికి నాకు మనుమడు కావాలె."

అత్త వెనక నిలబడ్డ అమ్మాయి ముందుకొచ్చి తన కొంగు చాచి పట్టింది.

"ఆయన రాడు. నాకియ్యి నర్సమ్మా, నేనే తీస్కవోత."