శిల్పుల వీధిలో ఓబులేసు అరుపు

2006లో నేను ఆళ్లగడ్డలో స్కూలు ఆటో నడిపేవాణ్ణి. స్కూలు ఆటో అంటే నెలవారీ బండి. పొద్దున ఇంటింటి దగ్గర పిల్లలను ఎక్కించుకుని బడిలో దించాలి. సాయంత్రం ఎవరి బిడ్డను వాళ్లకు అప్పజెప్పాలి. మామూలు బాడుగలో మనిషి దిగిపోతే మన పని అయిపోయినట్టే. ఇందులో అట్లా కాదు. చివరి పిల్ల గడప దాటి లోపలికి పోయేదాకా బండి కదిలించకూడదు. నేను చదివింది నాలుగో తరగతి. రాయడం ఇదే మొదలు, అందుకని జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఆ ఏడాది ఓబులేసు నా బండిలో చేరాడు. ఆరేళ్లవాడు. మాటలు చాలా తక్కువ. పేరు పెట్టి పిలిచినా మొహం తిప్పడు. సంతోషం వస్తే రెండు చేతులూ రెక్కల్లాగా ఆడిస్తాడు. వీటితో నాకేం ఇబ్బంది లేదు. నా భయమంతా శిల్పుల వీధి దగ్గరే. మా ఊళ్లో రాతి విగ్రహాలు చెక్కే షెడ్లు రోడ్డు పక్కనే ఉంటాయి. బడి ఆ వీధి చివర. బండి అక్కడికి రాగానే వాడు గొంతు చించుకుని అరిచేవాడు, కిందికి దూకబోయేవాడు. వాణ్ణి నా పక్కనే కూర్చోబెట్టుకుని ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో వాడి చొక్కా పట్టుకుని నడిపేవాణ్ణి. కొన్ని రోజులు మాత్రం అదే దారిలో గమ్మున ఉండేవాడు. ఎందుకో తెలియదు. ఏ రోజు అరుస్తాడో తెలియక రోజూ భయపడేవాణ్ణి.

ఒక సాయంత్రం ఈశ్వరమ్మ నా బండికి అడ్డం నిలబడింది. ఆమె కూతురు రేణుక మూడో తరగతి, నా బండిలోనే వచ్చేది.

"దేవుళ్ల బొమ్మలు కనపడంగనే అరుస్తాండాడంటే ఏందప్పా దానర్థం? గాలి సోకింది వానికి. నా బిడ్డ నిద్దర్లో బెదురుకుంటాంది. సోమవారం నుంచి వాడుంటే మా పిల్లోళ్లు నీ బండెక్కరు."

ఆమె వెనకాల ఇంకొందరు తల్లులు తలలూపారు. వాళ్లంతా పోతే నాకు బండి లేనట్టే. ఓబులేసును దించేస్తే వాడికి బడి లేనట్టే. వాళ్లమ్మ నాగమ్మకు ఈ సంగతి చెప్పడం నాకు ఇష్టం లేదు. చెప్పక తప్పలేదు.

"వాణ్ణెత్తుకోని బడికి పోతానా, శెనగ చేన్లో కూలికి పోతానా? నువ్వే చెప్పు మద్దిలేటన్నా," అంది. మళ్లీ తనే, "రేపు నంద్యాలలో పెద్ద డాక్టరు కాడికి పోతాండా. అంతదాకా ఓర్చుకో," అంది.

మర్నాడు రాత్రి బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చింది. "ఆటిజం అంటన్నా. జబ్బు కాదంట. పుట్టుకే అట్లంట, వాని మెదడు తీరే వేరంట," అంటూ సంచిలోంచి ఒక బొమ్మల పుస్తకం తీసింది. అక్కడ అలాంటి పిల్లలకు చదువు చెప్పే మేడమ్ ఒకామె చేత్తో బొమ్మలు గీసి, జిరాక్స్ తీసి, దారంతో కుట్టింది. "తోటి పిల్లోళ్లకు సదివి ఇనిపీమనింది. నాకు అచ్చరం ముక్క రాదు. నువ్వే సదవాల."

శనివారం బడి వదిలాక బండి గేటు దగ్గరే ఆపి పుస్తకం తెరిచాను. ఓబులేసు నా పక్కన కూర్చుని అద్దం తిప్పుకుంటున్నాడు. మొదటి బొమ్మలో ఒక పిల్లవాడు చేతులు ఆడిస్తున్నాడు. నేను వేలు పెట్టుకుని "నాకు సంతో... సంతోషమైతే నా చే... చేతులు ఎగు..." అంటున్నాను.

"అన్నా, నువ్వు మా తమ్మునికన్నా మెల్లగ సదువుతాండావ్. ఈడియ్యి," అని రేణుక గుంజుకుంది. బండిలో పిల్లలందరూ నవ్వారు. నాకు సిగ్గేసినా హాయిగానే అనిపించింది.

రెండో బొమ్మలో ఆ పిల్లవాడు చెవులు మూసుకున్నాడు. పక్కన మిక్సీ తిరుగుతోంది. రేణుక గడగడా చదివింది: "కొన్ని చప్పుళ్లు నా చెవుల్లో ముళ్లలాగా గుచ్చుకుంటాయి. అప్పుడు అరుస్తాను. మీ మీద కోపంతో కాదు." చదివి రాతి షెడ్ల వైపు తిరిగింది.

"అన్నా, మనోడు దేవుళ్లను జూసి కాదు. మిషన్."

"ఏ మిషనే?"

"రాయి కోసే మిషన్. అది తిరగనప్పుడు వాడు గమ్మునే ఉంటాడు గదా."

ఆళ్లగడ్డలో పుట్టి పెరిగిన మేం ఆ చప్పుడు వినడం ఎప్పుడో మానేశాం.

సోమవారం ఈశ్వరమ్మ రేణుక చెయ్యి పట్టుకుని వాకిట్లోనే నిలబడింది. కూతురు చెప్పిందంతా విని, "పుస్తకం సదివితే గాలి పోతాదా?" అంది.

"ఒక్కదినం నువ్వూ ఎక్కక్కా. చూసి చెప్పు," అన్నాను. ఎక్కింది. రేణుక లెక్క తప్పితే ఆ రోజుతో ఓబులేసు చదువు ముగిసినట్టే.

వీధి మొదట్లోనే బండి ఆపాను. మిషన్ రయ్యిమని తిరుగుతోంది. ఓబులేసు అప్పుడే బిగుసుకుపోయాడు. రేణుక దిగి షెడ్డుకు పరిగెత్తింది.

"మామా, మేం పొయ్యేదాకా మిషన్ ఆపు."

"ఏం పాపా, కలెక్టరు బండా మీది?" అని నవ్వుతూనే శిల్పి స్విచ్చి కట్టేశాడు.

బండి మెల్లగా కదిలించాను. ఒక్కొక్క విగ్రహం దాటుతున్నాం. ఓబులేసు అరవలేదు. సగం చెక్కిన సింహాన్ని చూసి రెండు చేతులూ ఆడించాడు.

"మా, చూడు. సంతోషం," అంది రేణుక.

ఈశ్వరమ్మ బడి దాకా వాడినే చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు వాడి తల మీద చెయ్యి వేయబోయి, వాడు వెనక్కి జరగడంతో ఆగిపోయింది. "ముట్టుకుంటే గూడా కష్టమా వీనికి?" అని కూతుర్ని అడిగింది.

"మూడో బొమ్మలో ఉందిమా. సాయంత్రం సదువుతా."

ఒక తల్లి తన పిల్లలను వేరే బండికి మార్చేసింది. మిగిలినవాళ్లు ఉండిపోయారు. రోజూ మిషన్ ఆపమంటే కుదరదు కదా. అది తిరిగే రోజుల్లో వీధి మొదట్లోనే పిల్లలు "మిషన్, మిషన్" అని ముందుగా చెప్పి, వాడితోపాటు అందరూ చెవులు మూసుకునేవాళ్లు. అయినా వాడు అప్పుడప్పుడు అరిచేవాడు. దానికి ఎవరూ బెదిరేవాళ్లు కాదు.

తర్వాత చాలా ఏళ్లు ఆ బండే నడిపాను. కొత్తగా చేర్పించడానికి వచ్చిన తల్లులు తమ బిడ్డకు ఏది ఇష్టమో చెప్పేవాళ్లు. బిడ్డకు ఏది కష్టమని నేను అడిగితే చాలామంది "తెలీదన్నా" అనేవాళ్లు. "సరేలేమా, మా బండి పిల్లోళ్లు కనుక్కుంటారు," అని బండి స్టార్ట్ చేసేవాణ్ణి.