కత్తెర మామ కొన్న పెద్ద తెర

మా వీధి సెలూన్ యజమానిని అందరూ కత్తెర మామ అంటారు. ఆయన చేతి వేగం చెబితే ఎవరూ నమ్మరు. కుర్చీలో తుమ్మడం మొదలుపెట్టినవాడికి, ఆ తుమ్ము పూర్తయ్యేలోపు క్రాపు అయిపోయేది. భార్య పోయాక ఆ చేతికి నెమ్మది వచ్చింది.

ఆవిడకి కెమెరా అంటే సిగ్గు. ఎవరైనా ఫోను ఎత్తితే చాలు, మొహం తిప్పేసుకునేది. మిగిలింది ఒక్క ఫొటో. ఎవరో పెళ్ళికొడుకు కొత్త క్రాపు చూసుకోవడానికి పాత ఫోనులో తీసుకున్నది. అతని చెవి వెనకాల, గుమ్మంలో, టీ గ్లాసుతో ఆవిడ. మొహం కందిగింజంత.

ఆ మొహాన్ని తనివితీరా చూసుకోవాలని మామ గోడంత టీవీ కొన్నాడు. టీవీలు బిగించే అల్లుడే తెచ్చి, అద్దాలకి ఎదురుగోడ మీద, కాస్త ఎత్తులో తగిలించాడు. అప్పుడు నేను ఒక చెంప గీయించుకుని, రెండో చెంప నిండా నురగతో కుర్చీలో ఉన్నాను.

అల్లుడు ఆవిడ మొహాన్ని తెరనిండా పెంచాడు. గళ్ళు. గోధుమరంగు గళ్ళు, నల్ల గళ్ళు, అంతే.

“ఇదేంటి బాబూ? అంగుళానికి బోలెడు చుక్కలు, వెంట్రుక కూడా కనబడుతుందన్నావు!”

“అవి తెరలో చుక్కలు మామయ్యా. ఫొటోలో అత్తయ్య మొహానికి దక్కినవి కాసినే. వాటినే ఇంత తెర మీద పరిస్తే ఒక్కోటీ బిస్కెట్టంత అయింది.”

“అయితే ఇంకా మంచి టీవీ తే.”

“ఎంత మంచిదైనా, ఫొటోలో లేని చుక్కని ఎక్కణ్ణుంచి తెస్తుంది? చిన్నగా పెట్టుకోవాలి. లేదంటే దూరం నుంచి చూడాలి. అప్పుడు గళ్ళు కలిసిపోతాయి.”

మామ వెనక్కి నడిచాడు. నాలుగడుగులు వేశాడో లేదో అద్దం వీపుకి తగిలింది.

“అగ్గిపెట్టెలో కొట్టు పెట్టుకుని దూరం కావాలంటే ఎలాగయ్యా?” అన్నాను. మామ నవ్వలేదు.

వెళ్ళి తెర కిందే గోడకి చేరగిలబడ్డాడు. తలెత్తి ఎదురుగా అద్దంలోకి చూశాడు. అలాగే ఉండిపోయాడు.

నేనూ చూశాను. అద్దం దాకా ఒక కొట్టు, అద్దంలో ఇంకో కొట్టు. దూరం రెట్టింపైంది. గళ్ళు ఒకదానిలో ఒకటి కరిగిపోయి కళ్ళొచ్చాయి, ముక్కొచ్చింది, చెంప మీద పుట్టుమచ్చ నీడలా తేలింది.

“అద్దం కదా, పుట్టుమచ్చ రెండో చెంపకి పోయిందయ్యా” అన్నాను.

“నాకెప్పుడూ ఇటే పెద్దాయనా. టీ తెచ్చి గుమ్మంలో నిలబడేది. నా చేతిలో కత్తి, దాని కింద ఎవరిదో గొంతు. తిరగడానికి లేదు. అద్దంలోనే చూసి, ‘అక్కడ పెట్టు’ అనేవాణ్ణి.”

అల్లుడు రిమోటు అందుకున్నాడు. “చిన్నది చేసి పెట్టనా మామయ్యా?”

“ఉండనీ.”

మామ కత్తి తీసుకుని నా వెనక నిలబడ్డాడు. తెరవైపు తిరగలేదు. నా రెండో చెంప మీద కత్తి ఆగి ఆగి నడిచింది. మధ్యలో అద్దంలో ఆవిడ మొహంకేసి చూసి, మెల్లిగా అన్నాడు:

“కాసేపు కూర్చో.”

నేను అప్పటికే కూర్చునే ఉన్నాను.