నిటారు బాబాయ్ ఎడమ పాదం

కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆయన మొదటి మాట ఒక్కటే: "నిటారుగా కూర్చోండి." ముప్పై ఒక్క ఏళ్లుగా క్షౌరం చేస్తూ అదే మాట అంటుంటే, వీధి వీధంతా ఆయన్ని నిటారు బాబాయ్ అనడం మొదలుపెట్టింది. అసలు పేరు కొట్టు బోర్డు మీద ఉంది. దుమ్ము పట్టి ఎవరికీ కనపడదు.

ఆ నిటారు బాబాయే ఎడమకు ఒరిగి నిలబడుతున్నాడని ముందుగా కనిపెట్టింది డ్రాయింగు మాస్టారు. రిటైరై పదేళ్లయినా జేబులో స్కేలు లేనిదే గడప దాటని మనిషి. ఒకరోజు క్రాఫు అయ్యాక అద్దంలో చూసుకుంటూ రెండు చెవుల ముందరి జుట్టూ కొలిచాడు.

"ఏమోయ్, ఎడమ పక్క మూడు మిల్లీమీటర్లు కిందికి దిగింది. నా తల వంకరా, నీ చెయ్యి వంకరా?"

"మీరే సరిగ్గా కూర్చోలేదు మాస్టారూ."

"నేను గోడకి కొట్టిన మేకులా కూర్చున్నాను. నువ్వే బురదలో పాతిన స్తంభంలా ఒరిగావు."

కొట్లో అందరూ నవ్వారు. బాబాయ్ కూడా నవ్వాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళుతూ, ఎడమ పాదం లోపలి వైపు నిప్పు పెట్టినట్టు మండుతుంటే రెండుసార్లు గోడ పట్టుకుని ఆగాడు. మంట మొదలై ఆరు నెలలైంది. ముందు పాదంలోనే ఉండేది, తర్వాత మోకాలికి, ఇప్పుడు నడుముకి పాకింది.

"ఆ కుర్చీలో ఊరినంతా కూర్చోబెట్టారు. ఇక మీరు కూర్చోండి," అంది భార్య వేడినీళ్ల బకెట్టు ముందు పెడుతూ.

అది కూర్చుని చేసే పని కాదు. ఎత్తు స్టూలు తెచ్చి ప్రయత్నించాడు కూడా. తల చుట్టూ తను తిరగాల్సింది పోయి, వచ్చినవాళ్ల తలలు తిప్పాల్సి వచ్చింది. మూడో రోజు స్టూలు మీద పత్రికలు పెట్టాడు.

"మూడు నెలలు చూస్తాను. తగ్గకపోతే బోర్డు దించేస్తాను," అని భార్యకు మాటిచ్చాడు.

ఎముకల డాక్టరు చీటీ రాస్తే, పాదాల కొలతకు బూట్లలో పెట్టుకునే సోల్స్ చేసే అమ్మాయి దగ్గరికి వెళ్లాడు. ఆమె ఆయన్ని గాజు పలక మీద నిలబెట్టి, కింద ఉన్న అద్దంలో పాదాలు చూపించింది. కుడి పాదం మధ్యలో ఖాళీ ఉంది. ఎడమ పాదం మొత్తం గాజుకు అతుక్కుపోయింది.

"ఇక్కడ ఉండాల్సిన వంపు కూలిపోయింది బాబాయ్ గారూ. పాదం లోపలికి ఒరిగితే మోకాలు దాని వెంట తిరుగుతుంది, తుంటి దిగుతుంది. దాన్ని సర్దలేక నడుము రోజంతా చాకిరీ చేస్తుంది."

"అయితే నా కత్తెర తప్పేం లేదన్నమాట."

"లేదు. మీ చూపే ఒరిగింది."

మెత్తటి నురగ పెట్టెలో కాళ్లు నొక్కించి అచ్చు తీసుకుంది. పది రోజులకు సోల్స్ ఇచ్చింది. ఎడమ దానికి వంపు కింద గట్టి దన్ను, మడమ దగ్గర గిన్నెలాంటి పల్లం ఉన్నాయి. ఇవి పాదాన్ని మార్చవని, బరువు పడే చోటును మారుస్తాయని, మొదట గంటసేపు వేసుకుని మెల్లగా పెంచాలని చెప్పింది. ఆయన కొత్త బూట్లు కొని వాటిలో పెట్టుకున్నాడు.

నాలుగు వారాలకు వాటిని తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"ఇవి నా కాలికి పనికిరావమ్మా. తీసేసుకో."

"రోజూ వేసుకున్నారా?"

"ఒక్కరోజు మానలేదు. మనవరాలి మీద ఒట్టు."

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. కానీ మనిషి బరువు నెలరోజులు మోసిన సోల్ పైగుడ్డ మీద మడమ గుర్తు పడాలి. ఇది నిన్న కత్తిరించినట్టుంది. ఆమె వాదించకుండా సోల్స్ తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"రేపు కూడా వేసుకోండి. మా పాప జుట్టు కళ్లలో పడుతోంది, కొట్టుకి తీసుకొస్తాను."

మర్నాడు మూడేళ్ల పాపను కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసిన చెక్కపై కూర్చోబెట్టారు. తల్లి రెండు చేతులతో పాప చెవులు మూసి పట్టుకుంది.

"అలా పట్టుకుంటే నీ వేళ్లు తెగుతాయమ్మా. ఇన్నేళ్లలో ఈ కొట్లో ఒక్క చెవి కింద పడలేదు."

"చెవే పడిపోయి ఉంటే నాకు కొలిచే బాధ తప్పేది," అన్నాడు మూల బెంచీ మీద పత్రిక చదువుతున్న మాస్టారు.

ఆమె చూపు బాబాయ్ కాళ్ల మీద పడింది. అరిగిపోయిన రబ్బరు చెప్పులు. తలుపు పక్క అరలో, కాగితం పరిచి పెట్టిన కొత్త బూట్లు మెరుస్తున్నాయి.

"అవి ఎప్పుడు విప్పారు?"

"రాగానే. ఇవి కొట్లో వేసుకునే చెప్పులు. కుర్చీ దగ్గరికి వీధి బూట్లతో రాకూడదు. పని నేర్పిన మా మేనమామ మొదటి రోజే చెప్పాడు."

"ఇంటి నుంచి ఇక్కడికి ఎంతసేపు?"

"పది నిమిషాలు."

"పోను పది, రాను పది. నిలబడేది?"

బాబాయ్ దువ్వెన జేబులో పెట్టి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఏడు దాకా. మాస్టారు పత్రిక దించాడు.

"కొట్లో వేసుకోవాలని నేను చెప్పనేలేదు. బూట్లతోనే పని చేస్తారనుకున్నాను. తప్పు నాది," అంది ఆమె.

"మేనమామ మాట తీసెయ్యలేనమ్మా."

"తీసెయ్యక్కర్లేదు. ఈ బూట్లు కడిగి ఇక్కడే ఉంచండి, ఇక వీధి తొక్కనివ్వకండి. వచ్చేటప్పుడు వేరే చెప్పులు, లోపల బూట్లు."

జుట్టు బూట్లలో పడకుండా భార్య పాత చొక్కా చేతులు కత్తిరించి, ఎలాస్టిక్ వేసి తొడుగులు కుట్టింది. "బూట్ల మెడకి కూడా గుడ్డ కట్టావటోయ్!" అన్నాడు మాస్టారు. మొదటి వారం పిక్కలు లాగాయి. రెండో వారం నుంచి గంటలు పెరిగాయి. ఒక సాయంత్రం ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది, దారిలో గోడ పట్టుకోలేదని.

మూడు నెలల గడువు పూర్తయిన రోజు మాస్టారు క్రాఫు చేయించుకుని స్కేలు తీశాడు.

"ఒక మిల్లీమీటరు."

"ఇంకా ఉందా?"

"ఉంది. అది నా తలదేమో."

నొప్పి పూర్తిగా పోలేదు, పొద్దు వాలేసరికి కొంచెం పలకరిస్తుంది. ఆ రోజు కొట్టు మూసే వేళకు భార్య వచ్చింది. బోర్డు వైపు చూసింది. బాబాయ్ స్టూలు మీది పత్రికలు తీసి బెంచీ మీద పడేసి, దాన్ని బయటికి తెచ్చి ఎక్కాడు. తడిగుడ్డతో అక్షరాలు ఒక్కొక్కటే తుడవసాగాడు.

ఆమె స్టూలు కాళ్లు గట్టిగా పట్టుకుంది.

"నిటారుగా నిలబడండి, పడతారు."