నా భార్యకు లేని గడ్డ

ప్రతి ఉదయం ఊపిరి పోసి లేపుతున్న దేవునికి స్తోత్రం. నాకు సంఘంలో పెద్దరికమిచ్చి, అది తలకెక్కినప్పుడు తానే దించిన ఆయన కృపకు మరింత స్తోత్రం.

కిందటేడు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చిక్కుడు గింజంత గడ్డ చేతికి తగిలింది. ఆళ్లగడ్డ డాక్టరు చూసి, "రొమ్ము క్యాన్సర్ మగోళ్లకూ వస్తాదన్నా, అరుదుగా. నంద్యాల పోయి పరీక్ష చేయించుకో" అన్నాడు. రొమ్ము కొట్టుకుని పశ్చాత్తాపపడమని సంఘానికి ఎన్నోసార్లు బోధించినవాణ్ణి. ఆ రొమ్ము నాకూ ఉందని నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పడానికి నోరు రాలేదు.

ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పే వేళ లేచాను. "మా ఇంట్లో ఒకరికి రొమ్ములో గడ్డ. ప్రార్థించండి" అని కూర్చున్నాను. మా ఇంట్లో ఉండేది ఇద్దరమే. సంఘమంతా నా భార్య వైపు తిరిగింది.

సాయంత్రానికి స్త్రీల సమాజం నాటుకోడి పులుసుతో దిగింది. వాళ్లలో పెద్దామె నా భార్యను మంచం మీద పడుకోబెట్టింది.

"నాకేం కాలేదత్తా, బాగుండా."

"అందరూ అట్లనే అంటారు లేమ్మా. గమ్మున పండుకో."

వాళ్లు ప్రార్థిస్తుంటే నేను అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాను. వాళ్లు వెళ్లిపోయాక నా భార్య పులుసు గిన్నె తన ముందుకు లాక్కుంది.

"గడ్డ నీది, పులుసు నాది. వచ్చే ఆదివారం నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

మంగళవారం నంద్యాల స్కానింగ్ సెంటర్లో బెంచీల నిండా ఆడవాళ్లే.

"పేషెంటు యాడుందన్నా?" అంది ఫారం నింపే అమ్మాయి.

"నేనేమ్మా."

ఫారంలో ఏ ప్రశ్నా వదలకూడదట. "నెలసరి ఎప్పుడు నిలిచింది?"

"ఈయప్పకు ఇంకా మొదలే కాల్యా" అంది నా భార్య. బెంచీలన్నీ నవ్వాయి. సూది పరీక్ష చేసి, ఫలితం సోమవారం అన్నారు.

ఫలితం తెలియకుండానే ఆదివారం వచ్చింది. లేచి నిలబడ్డాను. "గడ్డ ఆమెకు కాదు, నా రొమ్ములో ఉంది. సిగ్గుతో దాచాను."

"అయితే మా కోడి వృథాగా పాయెనా!" అంది పెద్దామె.

ఆరాధన ముగిశాక బయట చెప్పుల దగ్గర, శిరివెళ్ల వైపు నుంచి వచ్చే రైతొకాయన నన్ను పక్కకు లాగి చొక్కా గుండీ విప్పాడు. "నాకూ ఉండాదప్పా, ఏడాదాయె. ఎద్దు కొమ్ము తగిలిందనుకుంటి. ఇంట్లో గూడా చెప్పల్యా."

నాది మామూలు కొవ్వు గడ్డేనని సోమవారం తేలింది. ఆయనది కాదు. ఆపరేషన్ అయింది, ఇప్పుడు మందు ఎక్కిస్తున్నారు. చదువుతున్న మీరు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, నాతో కలిసి అడగండి: ప్రభువా, ఆ సోదరుణ్ణి బ్రతికించు. ఆమేన్.