లేని నీళ్ళు దాటిన అవ్వ

ఎనభైల మొదట్లో మదనపల్లెలో బాటనీ చదివి, అడవుల పాత పటం సరిచేసే సర్వేలో చేరాను. ఏ నేల ఏ రకం అడవో చూసి రాయడం నా పని. పటంలో ‘ఆకురాల్చే అడవి’ అని ఉన్న సదుం దగ్గరి గుట్టకు ఆ ఊరి మునెమ్మవ్వ నాకు దారి చూపించింది. అక్కడ బండలు, ముళ్ళకంపలు తప్ప ఏమీ లేవు. ఎండిపోయిన వంక దగ్గర అవ్వ చీర మోకాళ్ళదాకా ఎత్తిపట్టుకుని, జారిపోతానన్నట్టు మెల్లగా అడుగులేసింది.

“నీళ్ళు యాడుండాయవ్వా?” అని నవ్వాను.

“లేవని నాకు తెలుసమ్మా. కాళ్ళకే ఇంకా తెల్లేదు.”

నాకు మళ్ళీ నవ్వు రాలేదు. పాత పేరు కొట్టేసి, ‘ముళ్ళపొదలు’ అని రాశాను. ఏం రాశావని అడిగితే చదివి వినిపించాను.

“వానలు బాగా పడితే మళ్ళా మారుస్తావా?” అంది.

మారుస్తానన్నాను. మార్చే అవకాశం ఇంతవరకూ రాలేదు. ఇప్పటికీ వాన చప్పుడు వింటే, అవ్వకు అబద్ధం చెప్పాననే అనిపిస్తుంది.