నేను మింగేసిన రెండో మాట

తొమ్మిదేళ్ళుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగేశాననే అనుకున్నాను. మింగుడు పడలేదు.

పుదుచ్చేరిలో పుట్టి పెరిగిన తెలుగుదాన్ని. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం గానీ, చదవడం రాయడం మా నాన్న పుణ్యాన నాకొక్కదానికే వచ్చు. అందుకే ధైర్యంగా రాస్తున్నాను. ధైర్యమేనా ఇది?

మా ఆయనకు ఊపిరితిత్తిలో గడ్డ తీశారు. ఆపరేషనైన నెలకు, ఆయన్ని ఎక్స్‌రేకి పంపి, డాక్టరు నన్ను లోపలికి పిలిచాడు. రెండు మాటలు చెప్పాడు. క్యాన్సర్ మొత్తం తీసేశాం అన్నది మొదటిది. ఇక ఆయన ఎన్నాళ్ళుంటారన్నది పాత షుగరు, బలహీనమైన గుండె చేతిలో ఉంది, మాత్రలు ఒక్క పూట కూడా తప్పకూడదు అన్నది రెండోది.

నేను వచ్చేసరికి బయట బల్ల మీద కూర్చుని ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు.

“ఏమే, డాక్టరు ఏంది చెప్పినాడు?”

“గడ్డ పూర్తిగా పోయిందంట.”

“అంతేనా? ఇంకేం చెప్పలేదా?”

“ఇంకేముండాది చెప్పేదానికి? లేయండి, ఇంటికి పోదాం.”

ఆయన నవ్వారు. మూణ్ణెల్ల తర్వాత మొదటి నవ్వు. ఆ నవ్వు కోసమే దాచానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. నేను అలిసిపోయాను. ఆ మాత్రలు, ఆ చప్పిడి కూడు, ఆసుపత్రి వరండాలో ఆ వాసన, ఇక బతుకంతా ఇదేనా అనిపించి, మామూలు ఇల్లాలిలా చేపల పులుసు వడ్డించి ఆయన పక్కన కూర్చోవాలనిపించింది.

వీరాంపట్టినం అమ్మవారి తేరునాడు మొక్కు తీర్చుకుని వీధంతా చక్కెర పొంగలి పంచాం. మొదటి దొన్నె ఆయనే తిన్నారు. క్యాన్సరే పోయింది, షుగరొక లెక్కా అని మాత్రలు మానేశారు. డాక్టరు అడిగిన ప్రతిసారీ, వేసుకుంటున్నారని నేనే తలూపాను.

నాలుగేళ్ళకు గుండె ఆగిపోయింది. ఊపిరితిత్తి చివరిదాకా శుభ్రంగానే ఉంది.

నాన్నను క్యాన్సర్ తీసుకుపోయిందని మా అమ్మాయి అందరికీ చెబుతుంది. నేను దిద్దలేదు. మాత్రలు వేసుకుంటే పదేళ్ళు ఉండేవారా? ఉండేవారని ఎవరూ రాసివ్వలేరు. ఉండేవారు కాదని నేనూ అనలేను. ఆ నాలుగేళ్ళూ ఆయన రాజాలా బతికారు, ఎవరేమనుకున్నా దాన్ని తప్పనను. కానీ ఎలా బతకాలో తేల్చుకోవాల్సింది ఆయన. ఆయనకు చెప్పకుండా నేను తేల్చేశాను. అది తప్పు. నాదే.

క్షమించమని ఎవరినీ అడగను. క్షమించాల్సిన మనిషి లేడు.

అమ్మాయికి తెలుగు చదవడం రాదు. ఆ చాటున దాక్కోవచ్చనే రాయడం మొదలుపెట్టాను. కానీ వింటే ప్రతి మాటా తెలుస్తుంది. వంటింట్లో ఉంది. పిలిచాను. కోప్పడితే పడనీ. చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది, నేను మొదటి వాక్యం పైకి చదువుతున్నాను.